రాయలసీమ, దక్షిణ తెలంగాణ రాతి నేలల్లో భూగర్భజలం: తరచుగా అడిగే ప్రశ్నలు

బోరు వేసే ముందు కొందరు, వేశాక కొందరు, ఎండిపోయాక ఎక్కువమంది అడిగే ప్రశ్నలివి. అనంతపురం, సత్యసాయి, మహబూబ్‌నగర్, నల్గొండ, రంగారెడ్డి జిల్లాల్లాంటి గ్రానైట్, నైస్ రాతి నేలలను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాం. గోదావరి, కృష్ణా డెల్టాల్లోని ఒండ్రు నేలలకు ఇందులో సగం వర్తించదు.

భూమి లోపల నీళ్లు నదిలా పారుతుంటాయా?

గ్రానైట్ కింద పారవు. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది బెలుం గుహలు చూసి వచ్చినవాళ్లే. నంద్యాల జిల్లాలోని ఆ గుహలు సున్నపురాయిలో ఏర్పడ్డాయి. సున్నపురాయి నీటికి కరుగుతుంది కాబట్టి అక్కడ సొరంగాలు, కాలువలు తయారయ్యాయి. గుహల్లో అన్నిటికంటే లోతైన చోటికి పాతాళగంగ అనే పేరు కూడా ఉంది. గ్రానైట్ అలా కరగదు. 250 కోట్ల ఏళ్లకు పైబడిన ఈ రాయి ఎండకూ వానకూ పైనుంచి నెమ్మదిగా కుళ్లుతూ వచ్చింది. బాగా కుళ్లిన పై పొర మొరం. దాని కింద సగం కుళ్లి, అడ్డంగా బీటలు పడిన రాయి. ఆ కింద అచ్చమైన బండ. నీళ్లుండేది మొరంలోని సందుల్లో, దాని కింది బీటల్లో. అవి కూడా రోజుకు కొన్ని అంగుళాలో కొన్ని అడుగులో మాత్రమే కదులుతాయి.

ఎంత లోతు వరకు నీళ్లుంటాయి? మా ఊళ్లో వెయ్యి అడుగుల్లో పడ్డాయి కదా?

హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం దగ్గర సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఒకటి ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే మనం ఎన్‌జీఆర్‌ఐ అనేది, ఫ్రాన్స్ భూవిజ్ఞాన సంస్థతో కలిసి ఇక్కడ ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. బోర్లలోకి సన్నటి ఫ్లోమీటరు దింపి ఏ లోతులో ఎంత నీరు వస్తోందో కొలిచారు. నీరిచ్చే బీటల్లో ఎక్కువ భాగం పై 35, 40 మీటర్లలోనే, అంటే 130 అడుగుల లోపే దొరికాయి. అంతకు దిగువన బీటలు తగ్గిపోతాయి, ఉన్నవి కూడా ఒకదానితో ఒకటి కలవవు.

అలాగని వెయ్యి అడుగుల్లో నీళ్లు పడవని కాదు. లోతులో ఎక్కడో ఒక నిలువు పగులుకు రిగ్గు తగిలితే నీళ్లు ఎగదన్నుతాయి. రిగ్గు వాళ్లు దాన్నే గ్యాప్ తగిలిందంటారు. కానీ ఆ పగులు సొంతంగా నీళ్లు దాచుకునేది కాదు, పైనున్న మొరం నుంచి దిగేదాన్ని పట్టుకునేది. పై పొర ఎండిపోయిన ఊళ్లో లోతు పగులు ఎన్నాళ్లు పోస్తుంది? కొన్ని నెలలు, అదృష్టం బాగుంటే రెండు మూడు వానాకాలాలు.

కరెంటు లెక్క కూడా చూడండి. వెయ్యి లీటర్ల నీటిని 300 మీటర్ల లోతు నుంచి తోడాలంటే, మన పొలం మోటార్ల సామర్థ్యం 40 శాతం అనుకున్నా, సుమారు రెండు యూనిట్లు కావాలి. వ్యవసాయానికి ఉచిత కరెంటు కాబట్టి ఇది రైతు బిల్లులో కనిపించదు. ఎవరో ఒకరి బిల్లులో మాత్రం ఉంటుంది.

పక్క పొలంలో మూడించుల నీళ్లు పడ్డాయి. పది గజాల ఇవతల నాకు దుమ్ము వచ్చింది. ఎందుకిలా?

పాత గోడకు బీటలు పడ్డట్టే బండకూ పడతాయి. గోడ మీద మీరు ఎక్కడ మేకు కొట్టినా బీటకు తగలాలని లేదు. ఆరున్నర అంగుళాల బోరు కూడా అంతే, బీట దాటకపోతే పొడి రాతిపొడే వస్తుంది. పై మొరం మందం కూడా చోటు మారితే మారిపోతుంది. ఒక చోట 60 అడుగులుంటే కాస్త దూరంలో బండ బయటికే కనిపించవచ్చు.

అనంతపురం వైపు ఇంకో సంగతి ఉంది. నల్లరాళ్లు గోడలా బారుగా పేర్చినట్టుండే గుట్టలు చూసే ఉంటారు. అవి డోలరైట్ డైకులు. గ్రానైట్ పగుళ్లలోకి కింది నుంచి ద్రవశిల ఎక్కి గడ్డకట్టగా ఏర్పడ్డ గోడలు. డైకు గట్టిగా ఉంటే నేల లోపల ఆనకట్టలా పనిచేస్తుంది. ఎగువ పక్క బోర్లు నిండుగా, దిగువ పక్కవి ఖాళీగా ఉంటాయి. అదే డైకు పగిలి ఉంటే నీళ్లు దాని వెంటే దొరుకుతాయి. మీ ఊరి డైకు ఏ రకమో ఇప్పటికే ఉన్న బోర్ల చరిత్రే చెబుతుంది. కాబట్టి కొత్త పాయింటు చూపించుకునే ముందు ఊళ్లో ఎండిన బోర్లు, పోస్తున్న బోర్లు ఎక్కడెక్కడున్నాయో ఒక కాగితం మీద గుర్తులు పెట్టుకోండి. దీనికి ఖర్చేమీ లేదు. అయినా ఎవరూ చేయరు.

పడిన వర్షంలో ఎంత లోపలికి దిగుతుంది? దాన్ని ఎలా కొలుస్తారు?

ఈ రాతి నేలల్లో దాదాపు పదో వంతు. వాన తీరును బట్టి, నేలను బట్టి అటూ ఇటూ అవుతుంది. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం పడితే 50, 60 మిల్లీమీటర్లు భూగర్భజలంలో కలుస్తుంది. మిగిలినది ఆవిరైపోతుంది, మొక్కలు తాగుతాయి, కొంత వాగుల్లో పోతుంది.

కొలిచే పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది ట్రిషియం పద్ధతి. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు దేశంలో చాలాచోట్ల దీన్ని వాడారు. తొలకరికి ముందు నేలలో మూడడుగుల లోపు లోతున, రవ్వంత రేడియోధార్మికత ఉన్న నీటిని సూదితో ఎక్కిస్తారు. వానాకాలం అయ్యాక అదే చోట మట్టిని పొరలు పొరలుగా తీసి, గుర్తు పెట్టిన నీరు ఎంత కిందికి దిగిందో చూస్తారు. కొత్తగా ఇంకిన వాన నీరు పాత తేమను కిందికి నెడుతుంది. కాబట్టి గుర్తు ఎంత దిగిందో, ఆ మట్టిలో తేమ ఎంతో తెలిస్తే ఇంకిన నీటి లెక్క వచ్చేస్తుంది. వానంతా ఒక్కరోజే కుండపోతగా పడిన ఏడాదికీ, జడివానగా పడిన ఏడాదికీ తేడా ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

మరి నా ఎకరం కింద ఎంత నీరున్నట్టు?

ఏటా చేరేదాన్ని లెక్కేద్దాం. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. దాని మీద 60 మిల్లీమీటర్లు ఇంకితే దాదాపు 2 లక్షల 40 వేల లీటర్లు. వినడానికి చాలా ఎక్కువగా ఉంటుంది. కానీ యాసంగిలో బోరు కింద ఎకరం వరి పండించాలంటే 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టాలి, అంటే 48 లక్షల లీటర్లు. ఇరవై ఎకరాల్లో ఇంకిన వాన ఒక్క ఎకరం వరికి పోతుందన్నమాట. అదే 500 మిల్లీమీటర్లతో పండే వేరుశనగకైతే ఎనిమిది ఎకరాల వాన సరిపోతుంది.

మీరు తోడేది మీ గెట్టు లోపలి నీళ్లేనని ఎవరూ అనలేరు. ఊళ్లో తొలి బోరు వేసినవాడు ఇరవై ఎకరాల నీటితో వరి పండించాడు. తర్వాత పందొమ్మిది మంది వేశారు.

వరి మడిలో పెట్టిన నీళ్లు మళ్లీ కిందికే ఇంకుతాయి కదా?

ఇంకుతాయి. ఇది మంచి ప్రశ్న. మహేశ్వరం పరిశోధనల్లో వరి మడికి పెట్టిన నీటిలో దాదాపు సగం తిరిగి భూగర్భంలోకి చేరుతోందని తేలింది. అందుకని పై లెక్కలో ఇరవైకి బదులు పది ఎకరాలనుకోండి. అయినా పదే. పైగా అలా తిరిగి దిగే నీరు మడిలో వేసిన యూరియా అవశేషాలను, మట్టిలోని ఉప్పును వెంటబెట్టుకుని దిగుతుంది. అదే నీటిని ఏటా తోడి ఏటా పారిస్తే సాంద్రత పెరుగుతూ పోతుంది. ఈ ప్రాంతపు బావుల్లో నైట్రేట్ ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

ఒక్క పెద్ద వానకే మట్టం చాలా పైకి వస్తుంది, వేసవికి చాలా కిందికి పోతుంది. డెల్టాలో అలా ఉండదేం?

రాతిలో ఖాళీ తక్కువ. మహేశ్వరంలో కొలిస్తే ఘనమీటరు రాతి నుంచి దిగగలిగే నీరు సగటున 14 లీటర్లే. ఇసుక ఒండ్రులో అది 160 లీటర్ల దాకా ఉంటుంది. కాబట్టి అదే 60 మిల్లీమీటర్ల నీరు ఒండ్రులో మట్టాన్ని 40 సెంటీమీటర్లు కూడా పెంచదు, గ్రానైట్‌లో నాలుగు మీటర్లకు పైగా పెంచుతుంది. తోడినప్పుడు దిగేదీ అంతే వేగంగా. అక్టోబరులో మట్టం పైకొచ్చిందని పత్రికల్లో వార్త చూసి వరి నాట్లు పెంచేయడం వల్ల వచ్చే టెన్షన్ ఫిబ్రవరి, మార్చిలో తెలుస్తుంది.

కొబ్బరికాయ, వేపపుల్ల పట్టి పాయింటు చూసేవాళ్లను నమ్మవచ్చా?

వద్దు. మొరం మందంగా, మట్టం పైపైన ఉన్న రోజుల్లో ఎక్కడ తవ్వినా నీళ్లు పడేవి. ఆ రోజుల్లో వచ్చిన పేరే ఇప్పటికీ నడుస్తోంది. అరచేతిలో కాయ నిలబడటానికీ కింది బీటకూ సంబంధం ఉందని నిజాయితీగా చేసిన పరీక్షలో నిరూపించినవాళ్లు లేరు.

చెట్లను, పుట్టలను చూసి చెప్పడం మాత్రం వేరు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు ఏ చెట్టు పక్కన చెదలపుట్ట ఉంటే ఎంత లోతున జల ఉంటుందో వివరంగా రాశాడు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇ.ఏ.వి. ప్రసాద్ ఆ సూచనలను ఆధునిక భూవిజ్ఞానంతో పోల్చి పరిశీలించారు. తేమ దొరికే చోటే కొన్ని చెట్లు ఏపుగా పెరుగుతాయి, చెదలకూ తేమ కావాలి, కాబట్టి అందులో పరిశీలన ఉంది. అయితే అవన్నీ బావి తవ్వే లోతుకు సరిపోయే గుర్తులు. మట్టం రెండొందల అడుగుల కిందికి పోయాక చెట్టు వేరుకే ఆ సంగతి తెలియదు.

మరి మెషిన్ సర్వే?

మెషిన్ అని మనం పిలిచేది ఎక్కువగా రెసిస్టివిటీ మీటరు. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, బయటి రెండింటి ద్వారా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు లోతుకు వెళ్తుంది. తడి మొరం కరెంటును తేలికగా పోనిస్తుంది, గట్టి బండ అడ్డుకుంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన కాన్రాడ్ ష్లంబర్జే వందేళ్ల కిందట మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ ఉపయోగపడుతోంది.

ఇది మొరం ఎంత మందం ఉందో, బండ ఎక్కడ మొదలవుతుందో బాగా చెబుతుంది. 600 అడుగుల కింద ఉన్న సన్నటి పగులును చూపించలేదు. ఎవరైనా ‘ఐదొందల ఎనభై అడుగుల్లో రెండించులు’ అని ఖాయంగా చెబితే, అది మెషిన్ చెప్పిన మాట కాదు. బంకమట్టి కూడా తడి మొరం లాగే కరెంటును పోనిస్తుంది, కాబట్టి చుట్టుపక్కల బావులు చూడకుండా అంకెలను మాత్రమే నమ్మి పాయింటు పెట్టేవారి దగ్గరా జాగ్రత్త.

‘రెండించుల నీళ్లు’ అంటే గంటకు ఎన్ని లీటర్లు?

ముందుగా ఏ ఇంచులో అడగండి. కొన్నిచోట్ల పైపు నిండా పోసే నీటిని పైపు సైజుతో చెబుతారు. వీ నాచ్ రేకు మీదుగా పారించి కొలిస్తే, గాడిలో నీటి ఎత్తు ఇంచుల్లో చెబుతారు. తొంభై డిగ్రీల వీ నాచ్‌లో ఒక ఇంచు అంటే గంటకు సుమారు 500 లీటర్లు. రెండించులు అంటే వెయ్యి కాదు, దాదాపు 2,900. మూడించులు అంటే దాదాపు 8,000. ఇంచులు రెట్టింపైతే నీరు రెట్టింపు కంటే చాలా ఎక్కువ పెరుగుతుంది. కాబట్టి ఒకటిన్నర ఇంచును ‘దాదాపు రెండు’ అని రాయించుకుంటే మీరు కొనే మోటారు మీ బోరుకు పెద్దదవుతుంది.

వేసిన రోజు ఎగజిమ్మింది. ఏడాది తిరగకుండానే ఆగి ఆగి పోస్తోంది. రిగ్గు వాళ్లు మోసం చేశారా?

చాలాసార్లు మోసం ఉండదు. కంప్రెసర్ గాలి ఆ పూట పైకి నెట్టింది ఏళ్లుగా బీటల్లో నిలవున్న నీరు. అది పోయాక చుట్టూ ఉన్న రాతి నుంచి ఎంత వేగంగా ఊరుతుందో అదే మీ బోరు అసలు శక్తి. దాన్ని తెలుసుకోవడానికి పంపింగ్ టెస్ట్ ఉంది. ఒకే వేగంతో కొన్ని గంటలు తోడుతూ మట్టం ఎంత దిగుతోందో రాసుకోవాలి. తర్వాత మోటారు ఆపి ఎంతసేపటికి తిరిగి లేస్తోందో చూడాలి. లేవడం బాగా ఆలస్యమైతే, లేదా పాత మట్టం దాకా రాకపోతే, మీ కింద ఉన్నది చిన్న మూసిన బీట. అలాంటి బోరుకు చిన్న మోటారు పెట్టి, కాస్త కాస్తగా తోడి, తొట్టిలో నింపి డ్రిప్‌కు వదలడమే మార్గం. ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి కరెంటున్నంతసేపూ వదిలేస్తే మోటారు ఖాళీగా తిరిగి కాలిపోతుంది.

మా మండలం ‘సేఫ్’ అంటున్నారు. బోర్లు మాత్రం ఎండుతున్నాయి. ఎలా?

కేంద్ర భూగర్భజల మండలి, రాష్ట్ర శాఖలు కలిసి వేసే లెక్క ఇది. ఏటా తోడుకోదగిన నీటిలో 70 శాతం లోపు తోడితే సేఫ్, 70 నుంచి 90 దాకా సెమీ క్రిటికల్, 90 నుంచి 100 దాకా క్రిటికల్, 100 దాటితే మితిమీరిన వాడకం. ఇది పెద్ద ప్రాంతానికి సగటు. మండలంలో కాలువ కింద ఉన్న నాలుగు ఊళ్లు వాడకం సగటును కిందికి లాగితే, మిట్టన ఉన్న మీ ఊరు ఆ అంకెలో కనిపించదు. పాలసీకి ఈ లెక్క అవసరమే. మీ బోరు నిర్ణయానికి మాత్రం ఇది చాలదు.

ఉపగ్రహం నుంచి చూసి చెప్పలేరా?

2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలు భూమి ఆకర్షణలో వచ్చే అతి చిన్న మార్పులను బట్టి నీటి నిల్వల తరుగుదలను పట్టేశాయి. వాయవ్య భారతంలో తరుగుదల అలానే బయటపడింది. కానీ వాటికి కనిపించేది వందల కిలోమీటర్ల విస్తీర్ణం. మీ సర్వే నంబరు కాదు.

నీళ్లు పడ్డాయి, కానీ ఫ్లోరైడ్ ఉందన్నారు. అది ఎక్కడి నుంచి వచ్చింది?

రాతి నుంచే. మన గ్రానైట్‌లో ఫ్లోరైట్, బయోటైట్, అపటైట్ లాంటి ఖనిజాలున్నాయి. నీరు వాటిని ఎంత ఎక్కువకాలం తాకితే అంత ఫ్లోరైడ్ చేరుతుంది. నీటిలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉంటే ఇంకా తేలికగా చేరుతుంది. పొడి ప్రాంతాల్లో నీరు నెమ్మదిగా కదులుతుంది, ఆవిరి వల్ల చిక్కబడుతుంది. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు జనం ఎముకలు వంగి పడిన బాధ ఇందువల్లే. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మొదట గుర్తించింది కూడా తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లలో.

తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు. వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మరగబెడితే పోదు. పైగా నీరు ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నీరి, అంటే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, రూపొందించింది, దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరే నిలిచింది. పిల్లలున్న ఇంట్లో మాత్రం బోరు నీటిని తాగడానికి వాడే ముందు ఒకసారి పరీక్ష చేయించడం తప్పనిసరి. రుచి, రంగు చూసి ఫ్లోరైడ్‌ను పట్టలేరు.

చెరువు నింపితే బోర్లు నిండుతాయా?

కొంతవరకు నిండుతాయి. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులు, కుంటలను లక్ష్యంగా పెట్టుకుంది. పూడిక తీసిన చెరువుల దిగువన బావులు కోలుకున్నాయని రైతులు చెప్పే మాటలో నిజముంది. అయితే ప్రభుత్వ లెక్కల ప్రమాణం ప్రకారం చెరువులో నీళ్లున్నన్ని రోజులూ రోజుకు 1.4 మిల్లీమీటర్లు ఇంకుతాయి. అదే సమయంలో ఎండకు ఆవిరయ్యేది అంతకు కొన్ని రెట్లు. ఒండ్రు పేరుకున్న అడుగు మరీ తక్కువ ఇంకిస్తుంది. పూడిక తీయడంలో అసలు లాభం నిల్వ పెరగడం కంటే ఈ అడుగు తెరుచుకోవడమే అని నా అభిప్రాయం. ఇంటి ముందు తవ్వే ఇంకుడు గుంత ఊరి పంటకు చేసే మేలు చాలా తక్కువ, ఇంటి బోరుకు కాస్త సాయం.

ఊరంతా కలిసి నీటి లెక్క వేసుకున్న దాఖలా ఉందా?

ఉంది. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్, అంటే ‘ఆంధ్రప్రదేశ్ ఫార్మర్ మేనేజ్డ్ గ్రౌండ్‌వాటర్ సిస్టమ్స్’, అనే పొడుగు పేరున్న పథకం 2003 తర్వాత అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరువందలకు పైగా ఊళ్లలో నడిచింది. అందులో రైతులే రోజూ వర్షం కొలిచారు. పదిహేను రోజులకోసారి బావుల మట్టం కొలిచారు. వానాకాలం అయ్యాక ఊరి కింద ఎంత నీరు చేరిందో, యాసంగికి ఎవరేం వేస్తామనుకుంటున్నారో, దానికి ఎంత కావాలో గోడ మీద రాసుకున్నారు. నీళ్లు తోడొద్దని ఎవరికీ ఆంక్ష పెట్టలేదు. లెక్క చూశాక చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు.

కొత్త బోరుకు అనుమతి కావాలా?

కావాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరుకు, రిగ్గుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు సాగు బోరు వేయకూడదు. అమలు గురించి మీకు తెలిసిందే, రిగ్గు రాత్రిపూట వస్తుంది.

మా బోరు మట్టం మేమే కొలుచుకోవచ్చా?

కొలుచుకోవచ్చు. మోటారు ఆపి కనీసం ఐదారు గంటలైనా గడవాలి, తెల్లవారుజామున అయితే మేలు. కేసింగ్‌కూ డెలివరీ పైపుకూ మధ్య సందులోంచి బరువు కట్టిన టేపు దింపండి. నీటిని తాకగానే మోగే మీటరుంటే ఇంకా సులువు. లేకపోతే టేపు చివర సుద్దముక్కతో రుద్దండి, తడిసిన గుర్తు చూసుకోవచ్చు. మోటారు కేబుల్‌కు చుట్టుకోకుండా నెమ్మదిగా దింపాలి. నేలకు పైకి లేచిన కేసింగ్ ఎత్తును తీసేసి, తేదీతో పాటు పుస్తకంలో రాయండి. పదిహేను రోజులకోసారి, అదే చోట, అదే వేళ. రెండు వానాకాలాల లెక్క చేతికొచ్చాక కొత్త బోరు వేయాలా, పంట మార్చాలా అనే మాట మీద భూగర్భజల శాఖ జిల్లా ఆఫీసుకు ఆ పుస్తకంతో వెళ్లండి. అంకెలు పట్టుకుని వచ్చిన రైతుకు అక్కడ దొరికే జవాబు వేరుగా ఉంటుంది.